కొత్త సంవత్సరానికి తీర్మానాల బదులు ఒక ఉద్దేశం పెట్టుకుంటే అది బద్ధకమా?

ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు చెబుతాను. ఏటా డిసెంబరు చివర్లో మీరు ఏడెనిమిది తీర్మానాలు రాసుకుంటున్నారు. పొద్దున్నే ఐదింటికి లేవాలి, బరువు తగ్గాలి, ఫోన్ తగ్గించాలి, నెలకో పుస్తకం చదవాలి, పిల్లల మీద అరవకూడదు, ఇలాంటివి. జనవరి మూడో వారానికల్లా ఒక్కటీ మిగలడం లేదు. ఆ తర్వాత ఏడాదంతా "నా వల్ల ఏదీ కాదు" అన్న బాధ. ఈసారి తీర్మానాలు మానేసి, మెత్తగా ఒక ఉద్దేశం పెట్టుకోమని ఎవరో చెప్పారు. మాట నచ్చింది కానీ, ఇది బద్ధకానికి పెట్టుకున్న మంచి పేరేమోనని మీ అనుమానం. బద్ధకం కాకపోతే అసలు దీన్ని ఎలా చేయాలో చెప్పమన్నారు.

చాలా ఏళ్లుగా కౌన్సెలింగ్ పనిలో ఉన్నాను. జనవరి నెలాఖరులో, ఫిబ్రవరిలో సరిగ్గా ఇదే బాధతో వచ్చేవాళ్లను ఏటా చూస్తాను. బద్ధకం కాదని గట్టిగా చెప్పగలను. అలాగని ఒక అందమైన మాట రాసి గోడకు అంటించి, దానికి ఉద్దేశం అని పేరు పెడితే ఫిబ్రవరికి అదీ మిగలదు. ఉద్దేశానికి మీ రోజులో ఒక చోటు ఉండాలి. తప్పిపోయినప్పుడు తిరిగి రావడానికి ఒక దారి ఉండాలి. నా లెక్కలో ఈ రెండోదే ముఖ్యం. మొదలుపెట్టడం గురించి అందరూ ఆలోచిస్తారు. ఆగిపోయాక మళ్లీ ఎలా అందుకోవాలో డిసెంబరులోనే ఆలోచించి పెట్టుకునేవాళ్లు చాలా తక్కువ.

తీర్మానాలు ఎలా విరిగిపోతాయో కాస్త చూద్దాం. అమెరికాలో జాన్ నార్‌క్రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980ల్లో, కొత్త సంవత్సర తీర్మానాలు చేసుకున్న 200 మందిని రెండేళ్ల పాటు గమనించారు. మొదటి వారం దాటేసరికి 77 శాతం మంది ఇంకా నిలబడి ఉన్నారు. నెల తిరిగేసరికి 55 శాతం. రెండేళ్ల తర్వాత 19 శాతం. ఈ అంకెలు చూసి చాలామంది తీర్మానాలు దండగ అని తేల్చేస్తారు. నాకు అదే అధ్యయనంలో ఇంకో అంకె ముఖ్యంగా కనిపిస్తుంది. చివరికి గెలిచిన ఆ 19 శాతంలో సగానికి పైగా, అంటే 53 శాతం మంది, మధ్యలో కనీసం ఒక్కసారైనా తప్పినవాళ్లే. రెండేళ్లలో అలా తప్పిన సందర్భాలు సగటున 14. అంటే గెలిచినవాళ్లలో చాలామంది కూడా తప్పారు, మళ్లీ వచ్చారు, మళ్లీ తప్పారు, మళ్లీ వచ్చారు. మీకూ వాళ్లకూ తేడా మనోబలంలో ఉందని మీరు అనుకుంటున్నారు. తప్పిన మర్నాడు ఏం చేశారన్న దగ్గరే తేడా ఉందని నాకు అనిపిస్తుంది.

తప్పిన మర్నాడు మనలో ఏం జరుగుతుందో చెప్పే పాత ప్రయోగం ఒకటుంది. 1975లో పీటర్ హెర్మన్, డెబొరా మ్యాక్ అనే పరిశోధకులు డైటింగ్‌లో ఉన్నవాళ్లలో కొందరికి ముందుగా మిల్క్‌షేక్ ఇచ్చి, తర్వాత ఐస్‌క్రీమ్ రుచి చూడమన్నారు. మామూలుగా అయితే ముందే కడుపు నిండినవాళ్లు తక్కువ తినాలి. జరిగింది వేరు. మిల్క్‌షేక్ తాగిన డైటింగ్‌వాళ్లు, తాగని డైటింగ్‌వాళ్ల కంటే ఎక్కువ ఐస్‌క్రీమ్ తిన్నారు. "ఇవాళ్టికి డైటింగ్ ఎలాగూ పోయింది, ఇంక ఎంత తింటే ఏంటి" అన్న ఆలోచన అది. మీ ఐదింటి నిద్రలేపుకీ ఇదే జరిగింది. "రోజూ ఐదింటికి లేస్తాను" అన్న వాక్యం తొమ్మిది రోజులు నిజంగా ఉండి, పదో రోజు అబద్ధమైపోయింది. ఒకసారి అబద్ధమయ్యాక పదకొండో రోజు లేచినా ఆ వాక్యం మళ్లీ నిజం కాదు. అందుకే లేవాలనిపించదు. ఒక్క రోజుతో మొత్తం కూలిపోయేలా వాక్యాన్ని రాసుకున్నారు. అది మీ స్వభావంలో లోపం కాదు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. తీర్మానాలు పనికిరావని నేను అనను. నార్‌క్రాస్ బృందమే 2002లో ప్రచురించిన ఇంకో అధ్యయనంలో, మారాలన్న కోరిక ఉండి తీర్మానం చేసుకున్నవాళ్లనూ, అదే కోరిక ఉన్నా తీర్మానం చేసుకోనివాళ్లనూ పోల్చారు. ఆరు నెలల తర్వాత మొదటి గుంపులో 46 శాతం మంది నిలబడ్డారు, రెండో గుంపులో 4 శాతం. మనసులో ఉన్నదాన్ని స్పష్టంగా చెప్పుకోవడానికి అంత బలం ఉంది. కాబట్టి "ఈ ఏడాది ఏమీ అనుకోను, ఎలా జరిగితే అలా" అనేది నేను సమర్థించే దారి కాదు. అనుకోండి, కానీ విరగని పద్ధతిలో అనుకోండి.

ఉద్దేశానికీ తీర్మానానికీ తేడా ఇక్కడే ఉంది. ఫలానా ఊరు చేరాలని బయల్దేరితే చేరేదాకా మీరు చేరనట్టే. ఉత్తరం వైపు నడవాలనుకుంటే మొదటి అడుగు నుంచే ఆ పనిలో ఉన్నట్టు, పక్కకు వెళ్లిపోతే మళ్లీ తిరిగితే సరిపోతుంది. "జూన్‌కి పది కిలోలు తగ్గాలి" అనేది మొదటి రకం. "నా ఒంటిని శ్రద్ధగా చూసుకుంటాను" అనేది రెండో రకం. రెండో దాంట్లో మే నెలలో ఒక వారం అంతా గాడి తప్పినా వాక్యం చెక్కుచెదరదు. సోమవారం పొద్దున మళ్లీ ఆ పనిలో ఉండొచ్చు.

ఇప్పుడు మీరు రాసిన జాబితా తీసుకుందాం, ఎందుకంటే పని అంతా అందులోనే ఉంది. ఒక్కోదాన్నీ పట్టుకుని "ఇది ఎందుకు కావాలి" అని అడగండి. వచ్చిన జవాబును మళ్లీ "అది ఎందుకు" అని అడగండి. ఐదింటికి లేవడం ఎందుకు? ఇల్లంతా లేవకముందు నాకంటూ కాస్త సమయం దొరుకుతుందని. ఆ సమయం ఎందుకు? రోజంతా ఎవరో ఒకరి పని చేస్తూనే ఉన్నాను, నా ఆలోచనలు నాకే వినపడటం లేదు. ఇదీ అసలు కోరిక. ఐదింటి అలారం దానికి ఒకానొక మార్గం మాత్రమే, మీ నిద్ర తీరుకి అది సరిపడకపోవచ్చు కూడా. "రోజులో కాసేపు నాతో నేను ఉంటాను" అన్నది ఉద్దేశం అవుతుంది. ఆ కాసేపు పొద్దున దొరకొచ్చు, ఆఫీసు నుంచి వచ్చాక మెట్లెక్కే ముందు దొరకొచ్చు, రాత్రి అందరూ పడుకున్నాక దొరకొచ్చు.

ఫోన్ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. "ఫోన్ చూడను" అని రాసుకుంటే మనసు ఫోన్ చుట్టూనే తిరుగుతుంది. 1987లో డేనియల్ వెగ్నర్ చేసిన ప్రయోగం చాలామందికి తెలిసే ఉంటుంది. ఐదు నిమిషాల పాటు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని చెప్పి, ఆలోచన వచ్చినప్పుడల్లా గంట కొట్టమన్నారు. గంట మోగుతూనే ఉంది. వద్దనుకున్నదాన్ని వద్దనుకోవడానికైనా గుర్తుపెట్టుకోవాలి కదా. అందుకని ఫోన్‌ను పక్కన పెట్టి, ఆ సమయం మీకు దేనికి కావాలో చూడండి. ఇంట్లోవాళ్లతో మాట్లాడేటప్పుడు మనసంతా అక్కడే ఉండాలనా? అయితే అదే ఉద్దేశం: "ఎదురుగా ఉన్న మనిషి మాట పూర్తిగా వింటాను." ఫోన్ దానంతట అదే కాస్త దూరం జరుగుతుంది.

ఇది నా అభిప్రాయం ఒక్కటే కాదు. స్వీడన్‌లో 1,066 మంది మీద జరిగి 2020లో ప్రచురితమైన అధ్యయనంలో, "ఇది మానేస్తాను" అన్న రకం తీర్మానాల కంటే "ఇది చేస్తాను" అన్న రకానివి ఎక్కువగా నిలబడ్డాయి. ఏడాది చివర సఫలమయ్యామని చెప్పినవాళ్లు మొదటి రకంలో సుమారు 47 శాతం, రెండో రకంలో సుమారు 59 శాతం. తేడా మరీ భారీగా ఏమీ లేదు. కానీ వాక్యం తిప్పి రాయడానికి ఖర్చేమీ లేదు కాబట్టి ఆ తేడాను వదులుకోవడం ఎందుకు?

పిల్లల మీద అరవకూడదు అన్నది మీ జాబితాలో చివర ఉంది, కానీ మీరు దాని గురించే ఎక్కువ రాశారు. దాన్ని నేను మొదట పెడతాను. అరిచాక వచ్చే బాధ, ఆ బాధతో మర్నాడు ఇంకా చికాకు, మళ్లీ అరుపు. ఈ చక్రంలో "అరవను" అన్న ఒట్టు ప్రతిసారీ ఇంకో నేరం మీ మీద మోపుతుంది. దాని బదులు "కోపం వచ్చినప్పుడు కూడా వాళ్లకు నేను దగ్గరగానే ఉన్నానని తెలియాలి" అనుకుని చూడండి. ఇందులో అరవని రోజుకీ చోటుంది, అరిచిన రోజుకీ చోటుంది. అరిచిన రోజు చేయాల్సింది వాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చుని, "ఇందాక గట్టిగా అరిచాను, అది నీ తప్పు కాదు" అని చెప్పడం. ఆ మాట చెప్పిన ప్రతిసారీ మీరు ఉద్దేశంలోనే ఉన్నారు. నేను చూసినంతలో, ఇలా వెళ్లి మాట్లాడటం అలవాటైనవాళ్లలో అరుపులు నెమ్మదిగా తగ్గాయి. అరవకూడదని పళ్లు బిగించుకుని కూర్చున్నవాళ్లలో అంతగా తగ్గలేదు.

బరువు గురించి ఎక్కువ చెప్పను. అది మీకు నిజంగా కావాలో, ఎవరో అన్న మాట గుచ్చుకుని రాసుకున్నారో చూసుకోండి. ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అనే ఇద్దరు దశాబ్దాల పాటు చేసిన పరిశోధనలో పదేపదే తేలిందేమిటంటే, మనకు మనం విలువిచ్చి చేసే పని ఎక్కువ కాలం నిలుస్తుంది, సిగ్గుతోనో ఇతరుల ఒత్తిడితోనో చేసేది త్వరగా జారిపోతుంది. జాబితాలో ఏ అంశం చదివితే ఊపిరి కాస్త తేలికపడుతుందో, ఏది చదివితే భుజాలు బిగుసుకుంటాయో గమనించండి. బిగుసుకునేవి చాలావరకు ఎవరి కోసమో రాసినవే. పుస్తకాల లెక్క కూడా అంతే. చదవడం ఇష్టమైతే నెలకు ఎన్ని అన్న అంకె ఎందుకు?

ఇలా అన్నిటినీ విప్పి చూస్తే ఎనిమిదింటి వెనక ఉన్నవి ఒకటో రెండో కోరికలే అని సాధారణంగా తేలుతుంది. మీ విషయంలో నాకు కనిపిస్తున్నది ఒకటే: తొందర తగ్గి, మనుషులతోనూ మీతో మీరూ కాస్త దగ్గరగా ఉండటం. తప్పుగా చదివితే మీరే సరిదిద్దుకోండి. ఏదైనా సరే, ఒక్కటి తీసుకోండి. రెండు దాటొద్దు. ఈ విషయంలో నేను కాస్త పట్టుదలగానే చెబుతాను, ఎందుకంటే ఐదు ఉద్దేశాలు పెట్టుకున్నవాళ్లు మార్చికల్లా వాటి పేర్లే మర్చిపోతారు.

దీనికి డిసెంబరు 31 రాత్రి అంత మంచి సమయం కాదు. హడావిడి, అలసట, చుట్టూ అందరూ గొప్ప గొప్ప మాటలు చెబుతుంటారు. ఒక తీరిక సాయంత్రం చూసుకుని, గడిచిన ఏడాదిని నెల నెలా తలుచుకోండి. ఎక్కడ తేలిగ్గా అనిపించింది, అప్పుడు ఎవరు పక్కన ఉన్నారు, ఏం చేస్తున్నారు? ఎక్కడ "ఇలా ఉండకూడదు" అని మనసు గట్టిగా చెప్పింది? ఏ పని వాయిదా వేస్తూనే ఉన్నా కోరిక మాత్రం పోలేదు? ఫోన్‌లో ఫొటోలు తిరగేస్తే చాలా గుర్తొస్తాయి. ఈ వెనక్కి చూడటానికి ఎంత సమయం పట్టినా పట్టనివ్వండి. ఉద్దేశం కొత్తగా కనిపెట్టాల్సిన పని ఉండదు, మీ ఏడాదిలోనే సగం రాసి ఉంటుంది.

రాసేటప్పుడు "తప్పకుండా", "రోజూ", "ఎప్పటికీ", "ఇకపై ఒక్కసారి కూడా" అన్న మాటలు తీసేయండి. విరగడం మొదలయ్యేది ఆ మాటల దగ్గరే. మీరు బాగా ఇష్టపడే ఒక మనిషికి ఈ వాక్యం చెబుతున్నట్టు పైకి చదవండి. వాళ్లతో అలా మాట్లాడరని అనిపిస్తే మీతోనూ అలా మాట్లాడకండి.

ఇక బద్ధకం అన్న మీ అనుమానానికి వద్దాం. మెత్తగా ఉండటం వేరు, అస్పష్టంగా ఉండటం వేరు. "ప్రశాంతంగా ఉంటాను" అని మాత్రమే రాసుకుంటే మీ అనుమానమే నిజమవుతుంది, ఎందుకంటే మంగళవారం మధ్యాహ్నం మూడింటికి ఏం చేయాలో ఆ వాక్యం చెప్పదు. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990ల నుంచి దీని మీదే పనిచేశారు. "ఇది చేయాలి" అనుకోవడం కంటే "ఫలానా సమయం వచ్చినప్పుడు ఫలానా పని చేస్తాను" అని ముందే ముడివేసి పెట్టుకున్నవాళ్లు ఎక్కువగా చేస్తారని చూపించారు. 2006లో పాశ్చల్ షీరన్‌తో కలిసి 94 పరీక్షల ఫలితాలు ఒకచోట చేర్చి చూసినప్పుడూ ఆ ప్రభావం గట్టిగానే కనిపించింది. కారణం సులువే. ఎప్పుడు చేయాలో ఆ క్షణంలో తేల్చుకోవాల్సిన పని ఉండదు, ఎదురైన సందర్భమే గుర్తుచేస్తుంది.

కాబట్టి మీ ఉద్దేశం కింద ఒక్క పని రాయండి, దాన్ని రోజులో ఎలాగూ జరిగే దేనికైనా ముడివేయండి. "ఇంటి తలుపు తీసి లోపలికి వచ్చినప్పుడు, ఫోన్ బ్యాగులోనే ఉంచి, ముందు అందరినీ పలకరిస్తాను." "రాత్రి దీపం ఆర్పే ముందు, మూడు నిమిషాలు ఊరికే కూర్చుంటాను." గడియారంలో సమయం కంటే ఇలాంటి సందర్భాలు మంచివి. గడియారం ప్రకారం చేయాలంటే రోజు మీ చేతిలో ఉండాలి, చాలామందికి అలా ఉండదు.

పని ఎంత చిన్నదిగా ఉండాలో తేల్చుకోవడానికి మీ మంచి రోజును కాకుండా చెడ్డ రోజును కొలతగా తీసుకోండి. నిద్ర లేదు, ఆఫీసులో టెన్షన్, ఇంట్లో ఒకరికి జ్వరం. ఆ రోజు కూడా చేయగలిగేంత ఉంటే సరైన కొలత. మంచి రోజున ఎక్కువ చేయండి, ఎవరూ వద్దనరు. కానీ రాసుకున్నది మాత్రం చెడ్డ రోజు కొలతలోనే ఉండాలి. అలాగే అడ్డుపడేది ఏమిటో కూడా ముందే ఊహించండి. ఇంటికి వచ్చే దారిలోనే ఆఫీసు కాల్ వస్తే? "కాల్ పూర్తయ్యేదాకా బయటే ఉండి, తర్వాతే లోపలికి వెళ్తాను." ఒకటి రెండు అడ్డంకులకు ఇలా జవాబు రాసుకుంటే చాలు. ఏడాదిలో వచ్చేవన్నీ ఊహించాలని కూర్చుంటే భయం తప్ప ఏమీ మిగలదు.

21 రోజులు చేస్తే అలవాటైపోతుందన్న మాట అందరూ అంటారు. దాన్ని నమ్మి 22వ రోజు కూడా కష్టంగా ఉంటే "నాలోనే ఏదో లోపం" అనుకుంటారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక పని ఆలోచించకుండా జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది. 254 రోజులంటే ఎనిమిది నెలల పైమాటే. అదే అధ్యయనంలో, మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడటానికి చెప్పుకోదగ్గ నష్టం జరగలేదని కూడా తేలింది. మీరు పదో రోజున వదిలేశారని రాశారు. అప్పటికి నష్టమేమీ జరగలేదు, మర్నాడు లేచి ఉంటే సరిపోయేది.

వరసగా ఎన్ని రోజులు చేశారో లెక్కపెట్టే యాప్‌లు నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే. కొందరికి అవి పనిచేస్తాయి, వాళ్లను ఆపను. కానీ ఒక్క రోజు తప్పగానే అంకె సున్నాకి పడిపోతుంది. నలభై రోజులు చేసిన పని మీ ఒంట్లో, మనసులో అలాగే ఉంటుంది, తెర మీద మాత్రం సున్నా కనిపిస్తుంది. మీలాగా తప్పినప్పుడు కుంగిపోయే స్వభావం ఉన్నవాళ్లకు అది మంచిది కాదు. రాసుకోవాలనిపిస్తే చేసిన రోజున ఒక మాట రాయండి, చేయని రోజును ఖాళీగా వదిలేయండి. కొట్టివేత గుర్తులు వద్దు.

ఇప్పుడు తిరిగి రావడం. ఇది డిసెంబరులోనే సిద్ధం చేసుకోవాల్సిన పని, ఎందుకంటే తప్పిన రోజు మనకు మనం మంచి మాట చెప్పుకునే స్థితిలో ఉండం. ఉద్దేశం రాసిన కాగితం వెనక ఇంకో వాక్యం రాయండి, తప్పిన రోజు చదువుకోవడానికి. మీ సొంత మాటల్లోనే ఉండాలి. "ఇది జరుగుతుందని ముందే తెలుసు. ఇవాళ రాత్రి తలుపు దగ్గర నుంచి మళ్లీ మొదలు" అన్నంత మామూలుగా ఉంటే మేలు. ఇందులో మూడు సంగతులున్నాయి: తప్పడం ఊహించినదే, తిట్టుకోవాల్సిన పనిలేదు, తర్వాతి అడుగు ఇది. మూడోది తప్పనిసరి. అది లేకపోతే ఓదార్పు మాత్రమే మిగులుతుంది.

తనను తాను క్షమించుకుంటే మనిషి సోమరి అవుతాడని చాలామందికి భయం, మీకూ ఉన్నట్టుంది. పరిశోధనలు దీనికి వ్యతిరేకంగానే చెబుతున్నాయి. 2010లో మైకేల్ వోల్, తిమతి పైచిల్, షానన్ బెనెట్ కలిసి ప్రచురించిన అధ్యయనంలో, మొదటి పరీక్షకు చదవకుండా వాయిదా వేసిన కాలేజీ విద్యార్థులను చూశారు. అందుకు తమను తాము క్షమించుకున్నవాళ్లు తర్వాతి పరీక్షకు తక్కువగా వాయిదా వేశారు. 2012లో జులియానా బ్రైన్స్, సెరీనా చెన్ చేసిన ప్రయోగాల్లోనూ, కష్టమైన పరీక్షలో సరిగా చేయని విద్యార్థులు తమ మీద తాము కరుణతో ఆలోచించినప్పుడు రెండో పరీక్షకు ఎక్కువసేపు చదివారు. కారణం అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. తిట్టుకున్నప్పుడు ఆ పనిని తలుచుకుంటేనే బాధ వస్తుంది, బాధ కలిగించేదానికి మనం దూరంగా తిరుగుతాం. మీరు పుస్తకాల అర వైపు చూడటం మానేశారని రాశారు కదా, సరిగ్గా అదే. తిట్టు ఆగితే ఆ వైపు చూడగలుగుతారు, చూస్తే చేయి చాపుతారు.

ఒక రోజు కాకుండా మూడు వారాలో, రెండు నెలలో పూర్తిగా మర్చిపోతే? అలా జరుగుతుంది. ఇంట్లో ఒకరు ఆసుపత్రిలో ఉంటారు, ఉద్యోగం మారుతుంది, ఏమీ జరగకపోయినా ఊరికే జారిపోతుంది. అప్పుడు పోయిన రోజులన్నీ పూడ్చాలని రెట్టింపు చేయకండి. నేను చూసిన తిరిగి రాకల్లో విఫలమైనవి ఎక్కువగా ఇలాంటివే: "రెండు నెలలు పోయాయి కాబట్టి రేపటి నుంచి గంట సేపు." చెడ్డ రోజు కొలతకే తిరిగి రండి. అదే తలుపు, అదే పలకరింపు. మళ్లీ మొదలుపెట్టడానికి ఒక మంచి రోజు కావాలనిపిస్తే దానికీ కొరత లేదు. హెంగ్‌చెన్ డై, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రైస్ 2014లో చూపించినట్టు, జిమ్‌కు వెళ్లడం, డైటింగ్ గురించి వెతకడం లాంటివి జనవరి మొదట్లోనే కాదు, ప్రతి వారం మొదట్లో, ప్రతి నెల మొదట్లో కూడా పెరుగుతాయి. కొత్తగా మొదలైందన్న భావన మనసుకు నిజంగానే ఊపునిస్తుంది. ఏడాదిలో ఒక జనవరి ఒకటో తేదీ ఉంటే, సోమవారాలు 52 ఉంటాయి. వాటిని వాడుకోండి.

నెలాఖరున ఒక పది నిమిషాలు ఉద్దేశం రాసిన కాగితం ముందు కూర్చోండి. ఎన్ని రోజులు చేశానని అడగకండి. ఈ నెలలో ఇది ఎక్కడ కనిపించింది, ఎక్కడ మర్చిపోయాను, ముడివేసిన సందర్భం ఇంకా సరైనదేనా అని చూడండి. పిల్లల బడి వేళలు మారితే తలుపు దగ్గర పలకరింపు కుదరకపోవచ్చు, వేరే సందర్భానికి మార్చండి. ఉద్దేశమే మారినట్టు అనిపిస్తే? మారనివ్వండి. జనవరిలో ఉన్న మనిషి జూలైలో ఉన్న మనిషికి ఆజ్ఞలు వేయాల్సిన అవసరం లేదు. ఒక్కటి మాత్రం గమనించండి: కష్టంగా ఉందని మారుస్తున్నారా, ఇక అవసరం లేదని మారుస్తున్నారా? మొదటిదైతే ఉద్దేశాన్ని ఉంచి పనిని ఇంకా చిన్నది చేయండి. రెండోదైతే సంతోషంగా వదిలేయండి.

అందరికీ చెప్పాలా అని అడిగారు. ఒక్కరికి చెప్పండి, "ఎంతవరకు వచ్చింది" అని పరీక్ష పెట్టని మనిషికి. ఇంట్లోవాళ్లకు సంబంధించిన ఉద్దేశమైతే వాళ్లకు చెప్పకుండా కొన్నాళ్లు చేయడమే మంచిదని నా అనుభవం. "ఇవాళ నుంచి శ్రద్ధగా వింటాను" అని ప్రకటిస్తే, ఒక్కసారి వినకపోయినా అదే గుర్తుచేస్తారు.

చివరగా, ఈ పద్ధతి సరిపడని చోట్లు కొన్ని ఉన్నాయి, అవి చెప్పకుండా వదిలేయడం సరికాదు. పొగ మానడం లాంటి వాటికి మెత్తని ఉద్దేశం ఒక్కటే చాలదు. ఒక తేదీ పెట్టుకుని, డాక్టరు సాయం, అవసరమైతే మందుల సాయం తీసుకుంటే మానగలిగే అవకాశాలు పెరుగుతాయి. మద్యం రోజూ ఎక్కువగా తాగే అలవాటు ఉంటే ఒక్కసారిగా ఆపడం ప్రమాదం కూడా కావచ్చు, డాక్టరుతో మాట్లాడాకే ఆ పని చేయాలి. డాక్టరు రాసిన మందులు, గడువున్న అప్పు, వాయిదా వేస్తున్న వైద్య పరీక్ష, ఇవి కచ్చితంగా చేయాల్సిన పనులు. వీటిని క్యాలెండర్‌లో తేదీతో రాసుకోండి. ఉద్దేశాల జాబితాలో కలపకండి.

మీరు చివర్లో రాసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. కొన్ని వారాలుగా ఏ పని మీదా మనసు నిలవడం లేదని, నిద్ర కూడా సరిగా లేదని అన్నారు. రెండు వారాలకు పైగా దాదాపు రోజూ అలా ఉంటే, అది తీర్మానాలు నిలవకపోవడం వల్ల వచ్చిన బాధ కాకపోవచ్చు. డిప్రెషన్ కూడా ఇలాగే ఉంటుంది, దానికి చికిత్స ఉంది. ముందు ఒక డాక్టరును గానీ మానసిక ఆరోగ్య నిపుణులను గానీ కలిసి ఈ రెండు సంగతులూ చెప్పండి. ఉద్దేశం రాసుకోవడం ఆ తర్వాత చూసుకోవచ్చు. అది మార్చిలో రాసుకున్నా ఇందులో చెప్పినదేదీ మారదు.